పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నోటుబుక్కులో ఎర్ర సున్నాలు

ప్రశ్న: నేను బాప్తిస్మం తీసుకొని పదిహేడేళ్లయింది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ప్రార్థించాలని, మామూలు రోజుల్లో మూడేసి అధ్యాయాలు, ఆదివారం ఐదు అధ్యాయాలు చదివి ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని, శుక్రవారం ఉపవాసం ఉండాలని, మా అత్తగారి మీద విసుక్కోకూడదని ప్రతి డిసెంబరు 31 రాత్రి తీర్మానం చేసుకుంటాను. ఒక నోటుబుక్కు పెట్టుకొని, అన్నీ చేసిన రోజున టిక్కు పెడతాను, తప్పిన రోజున ఎర్ర ఇంకుతో సున్నా చుడతాను. జనవరి అంతా టిక్కులుంటాయి, మార్చి వచ్చేసరికి సున్నాలే ఎక్కువ. నిరుడు మా బాబుకు టైఫాయిడ్ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ తొమ్మిది రోజులూ సున్నాలే పడ్డాయి. మొక్కుబడి చెల్లించనందుకే బాబుకు అలా జరిగిందని బంధువుల్లో ఒకరు అన్నారు. ఈ మధ్య ఒక కూడికలో ప్రసంగీకులు, మన ప్రయత్నాలన్నీ శరీర సంబంధమైనవనీ, వాటిని మాని కృప మీద ఆనుకోవాలనీ చెప్పారు. వింటున్నంతసేపు హాయిగా ఉంది గాని, మర్నాడు ఉదయం నేనేం చేయాలో అర్థం కాలేదు. లేవాలా, పడుకోవాలా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: లేవండి, సోదరీ. ఆ ఒక్క మాట ముందే చెప్పేస్తే మిగిలినది నెమ్మదిగా చదువుకుంటారని మొదటనే రాస్తున్నాను. అలారం కట్టేసి దుప్పటి కప్పుకోవడానికి కృప అని పేరు పెట్టలేము. అయితే మీ ఉత్తరం చదువుతుంటే నన్ను ఆపినవి ఆ ఎర్ర సున్నాలు. సున్నా పడిన రోజున మీరేం చేస్తారో మీరు రాయలేదు. నా ఊహ ఏమిటంటే, ఆ రోజంతా దేవుని ముఖం తప్పించుకొని తిరుగుతారు, మర్నాడు ప్రార్థనకు కూర్చోవడానికి మొహం చెల్లదు, అందువల్ల రెండో సున్నా పడుతుంది, నాలుగైదు పడ్డాక ఎలాగూ చెడింది కదా అని వచ్చే నెల ఒకటో తారీఖు దాకా వాయిదా వేస్తారు. ఇది ఊహే గాని, నలభై ఏళ్లుగా సంఘాల్లో మసలుతున్నవాడి ఊహ. పైగా నేనూ అలా తిరిగినవాడినే. మనిషి దేవుని కృప మీద ఆనుకున్నాడో, తన భక్తి మీద ఆనుకున్నాడో టిక్కు పడిన రోజున బయటపడదు. తప్పిన రోజున అతని కాళ్లు ఎటు నడుస్తాయో చూస్తే తెలుస్తుంది.

మీరు విన్న ప్రసంగం గలతీ పత్రిక మూడో అధ్యాయం మూడో వచనం మీద జరిగి ఉంటుందనుకుంటాను: "మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?" మన సంఘాల్లో శరీరం అన్న మాట వినగానే తాగుడు, జూదం, వ్యభిచారం గుర్తుకు వస్తాయి. ఈ వచనంలో పౌలు గలతీయులను మందలిస్తున్నది వాటి గురించి కాదు. వాళ్లు సున్నతి పొందడానికి సిద్ధపడ్డారు, దినాలను మాసాలను ఉత్సవకాలాలను ఆచరిస్తున్నారు. అంటే పౌలు ఇక్కడ శరీరమని పేరు పెట్టింది చెడ్డ పనులకు కాదు, దేవుని దగ్గర స్థానం సంపాదించుకోవడానికి చేసే భక్తి పనులకు. ఇంతవరకు ఆ ప్రసంగీకులు చెప్పినదే నిజం. కాని పౌలు అక్కడితో కలం పెట్టేయలేదు. అదే పత్రిక చివరి అధ్యాయంలో "మేలుచేయుటయందు విసుకక యుందము" అని రాశాడు. ప్రయత్నమంతా తప్పయితే విసుగు అన్న ప్రసక్తే రాకూడదు కదా. పని మానమని పౌలు చెప్పలేదు. పనికి మనం అంటగట్టిన ధరను చెరిపేశాడు.

ఈ సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు ద్వితీయోపదేశకాండము పదకొండో అధ్యాయం గుర్తుకు వస్తుంది. ప్రసంగాల్లో ఎక్కువగా వినబడని భాగం అది. మీరు వెళ్తున్న దేశం ఐగుప్తు వంటిది కాదని మోషే ఇశ్రాయేలీయులతో చెబుతూ, అక్కడ "నీ కాళ్లతో నీ చేలకు నీరు కట్టితివి" అంటాడు. కనాను మాత్రం కొండలు లోయలు గల దేశం, అది "ఆకాశ వర్షజలము త్రాగును" అంటాడు. కాళ్లతో నీరు కట్టడమంటే కాలితో మట్టి నెట్టి పిల్లకాలువలు తెరవడమని కొందరు, కాళ్లతో తొక్కి నీళ్లు తోడే సాధనమని కొందరు వివరించారు. పాత రోజుల్లో ఏతం చూసిన తెలుగువాడికి రెండో అర్థమే ముందు తోస్తుంది. నా చిన్నతనంలో మా తాతగారి మెట్ట చేలో ఏతం ఉండేది. పొద్దు పొడవకముందే ఒకాయన ఏతపు మాను మీదికెక్కి, ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు నడుస్తూ ఉంటే, కిందనున్న మనిషి బాన వంచి బోదెలో నీళ్లు పోసేవాడు. మిరప మడి తడవాలంటే పొద్దెక్కేదాకా ఆ నడక ఆగకూడదు. ఆయన దిగి చుట్ట వెలిగించుకునేలోగా బోదెలో నీరు ఇంకిపోయేది. మీ నోటుబుక్కు చూస్తే నాకు ఆ మాను గుర్తుకు వస్తోంది, సోదరీ. మీరు నడిచినంతసేపే మీ ఆత్మ తడుస్తుందని మీరు నమ్ముతున్నారు. దిగితే అంతా ఎండిపోతుందని భయం.

ఇప్పుడు మీ జిల్లా సంగతే చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టే పని 1847లో మొదలై 1852లో పూర్తయింది, డెల్టా రైతు కాలువ నీటికి అలవాటు పడ్డాడు. కాలువ కింద రైతు పని మానేశాడా? మీ ఇంట్లోనే వ్యవసాయం ఉంటే ఈ ప్రశ్నకు నవ్వుకుంటారు. బోదె పూడిక తీయాలి, గట్టు గండి పడకుండా చూసుకోవాలి, వంతు వచ్చిన రాత్రి పార భుజాన వేసుకొని టార్చిలైటుతో వెళ్లి మడవ తీయాలి, నాట్లు వేయాలి, కలుపు తీయాలి. ఏతం తొక్కినవాడికీ కాలువ రైతుకూ నడుము నొప్పి ఒకటే. కాని తన పార నీళ్లను పుట్టిస్తుందని ఏ డెల్టా రైతూ అనుకోడు. ఎక్కడో నాసిక్ దగ్గర కొండల్లో, ఎన్నో వందల మైళ్ల అవతల పుట్టిన నది ఆయన మడవ దాకా వచ్చి నిలబడి ఉంది. మీ తెల్లవారుజాము ప్రార్థన, బైబిలు పఠనం, శుక్రవారం ఉపవాసం పూడిక తీసే పార వంటివి. పార అవసరమే, కాని పారను చూసి కాలువలో నీరు రాదు. ఒక రాత్రి రైతు నిద్రపోతే ఆ రాత్రి ఆయన చేను తడవకపోవచ్చు గాని, గోదావరి అలిగి వెనక్కి వెళ్లదు.

జాగ్రత్తగా చదివే పాఠకులు ఇక్కడ నన్ను ఆపుతారని తెలుసు. అదే అధ్యాయంలో ఆ తరువాతి వచనాల్లో, మీరు ఆజ్ఞలు గైకొంటే వాన కురుస్తుంది, లేకపోతే ఆకాశం మూయబడుతుంది అని ఉంది కదా అంటారు. ఉంది. అది ఇశ్రాయేలుతో చేసిన నిబంధన. ఆ నిబంధన కింద ఎవరైనా పూర్తిగా నిలబడగలిగారా అన్నదానికి పాత నిబంధన చరిత్రే జవాబు. "క్రీస్తు మనకోసము శాపమై" ధర్మశాస్త్ర శాపం నుండి మనలను విమోచించాడని గలతీ మూడో అధ్యాయం చెబుతున్న సంగతి ఇక్కడ పట్టుకోవాలి. ఆకాశం మూతపడవలసిన శిక్ష ఒకసారి సిలువ మీద ఒకరి మీద పడింది. మీ శుక్రవారం తప్పినందుకు దాన్ని రెండోసారి మీ ఇంటి మీద వేయడం న్యాయం కాదు, దేవుడు అన్యాయస్థుడు కాడు.

బాబు జ్వరం గురించి ఇక్కడే చెప్పేస్తాను. మొక్కుబడి చెల్లించనందుకు పసివాడికి టైఫాయిడ్ పంపించే దేవుణ్ణి నేను సువార్తల్లో ఎక్కడా చూడలేదు. టైఫాయిడ్ కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల వస్తుంది. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూపించి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగినప్పుడు, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. మీరు దేవునికి ఇస్తానని మాట ఇచ్చినది ఉంటే సంతోషంగా ఇవ్వండి. అది కృతజ్ఞతార్పణ అవుతుంది. భయపడి ఇస్తే అది వడ్డీ వ్యాపారికి కట్టే వాయిదా అవుతుంది, మన తండ్రికి ఆ వ్యాపారం లేదు. ఆ మాట అన్న బంధువుతో వాదించకండి, ఆమెకూ ఎవరో అలాగే నేర్పి ఉంటారు.

మీ నోటుబుక్కు లాంటిదే మరొకటి చరిత్రలో ఉంది. జాన్ వెస్లీ అనే ఆంగ్లేయుడు ఆక్స్‌ఫర్డులో ఉన్న రోజుల్లో స్నేహితులతో కలిసి బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు, జైలులో ఖైదీలను చూడడానికి వెళ్లేవాడు, గంటగంటకూ తానేం చేసిందీ డైరీలో రాసుకొనేవాడు, ఆ గంటలో తన భక్తి ఎంత వేడిగా ఉందో అంకె కూడా వేసుకొనేవాడు. మీ ఎర్ర సున్నాలు ఆ అంకెల ముందు ఏపాటి? అంతటి నిష్ఠాపరుడు 1736 జనవరిలో అమెరికాకు ఓడలో వెళ్తుండగా తుఫాను వచ్చింది, పెద్ద తెరచాప చినిగిపోయింది, నీళ్లు లోపలికి వచ్చాయి. ఓడలోని ఆంగ్లేయులు కేకలు పెడుతుంటే, మొరేవియన్లు అనే జర్మను విశ్వాసులు మాత్రం తాము పాడుతున్న కీర్తన ఆపలేదు. మీకు భయం వేయలేదా అని తరువాత వెస్లీ వారిలో ఒకరిని అడిగితే, మా ఆడవాళ్లు, పిల్లలు కూడా చావుకు భయపడరని జవాబు వచ్చింది. తన డైరీ అంతా కలిపినా ఆ ధైర్యం ఇవ్వలేకపోయిందని వెస్లీకి అర్థమైంది. 1738 మే 24 సాయంత్రం లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడికకు, మనసు లేకుండానే, వెళ్లాడు. రోమా పత్రికకు మార్టిన్ లూథరు రాసిన పీఠికను ఎవరో చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు, తాను క్రీస్తును, క్రీస్తును మాత్రమే నమ్ముతున్నానని, తన పాపాలను, తన పాపాలనే, ఆయన తీసివేశాడని నిశ్చయం కలిగిందని రాసుకున్నాడు.

ఈ కథను ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టించడం మనకు అలవాటు. నాకు కావలసింది ఆ తరువాతి భాగం. వెస్లీ ఆ మర్నాటి నుండి ఆలస్యంగా లేచాడా? లేదు. నాలుగింటికి లేవడం, ఐదింటికి ప్రసంగించడం, గుర్రం మీద ఊరూరూ తిరగడం ముసలితనం దాకా సాగించాడు. 1791లో చనిపోయేనాటికి ఆయనకు 87 ఏళ్లు. మే 24కు ముందూ పనులు ఉన్నాయి, తరువాతా ఉన్నాయి, బయటనుండి చూసేవాడికి పెద్ద తేడా కనిపించదు. ముందు ఆయన దేవుని దగ్గరికి చేరడానికి లేచేవాడు, తరువాత దేవుని దగ్గరనుండి లేచేవాడు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి: ఎనిమిది నెలలైనా తిరగకుండానే, 1739 జనవరిలో, తాను ఇంకా క్రైస్తవుణ్ణి కానేమో అన్నంత నిరాశతో ఆయన తన దినచర్యలో రాసుకున్నాడు. కృప తెలిసిన రోజు తరువాత ఒక్క సున్నా కూడా పడదని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి.

మన తెలుగు బైబిలులో ఫిలిప్పీ రెండో అధ్యాయం పన్నెండో వచనం "మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి" అని ఉంది. సంపాదించుకొనుడి అని లేదు. చేతిలో ఉన్నదాన్నే ఎవరైనా కొనసాగిస్తారు. ఆ వెంటనే పదమూడో వచనం, మీలో ఆ ఇష్టాన్ని, ఆ కార్యసిద్ధిని కలుగజేసేవాడు దేవుడేనంటుంది. నాలుగున్నరకు లేవాలన్న కోరిక మీలో పదిహేడేళ్లుగా చావకుండా ఉందే, అది మీ పట్టుదల అనుకుంటున్నారా? ఎన్నిసార్లు ఓడినా మళ్లీ డిసెంబరు 31న అదే తీర్మానం చేయిస్తున్నది ఎవరో ఒకసారి ఆలోచించండి. అందరికంటే ఎక్కువగా ప్రయాసపడ్డానని చెప్పడానికి పౌలు సిగ్గుపడలేదు, వెంటనే "ప్రయాసపడినది నేను కాను, నాకు తోడైయున్న దేవుని కృపయే" అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో రావడమే నేను చెప్పాలనుకుంటున్నది.

ఇక రేపు ఉదయం. లేవగానే ముందు నిన్నటి లెక్క అప్పజెప్పకండి. "ప్రభువా, నేను కళ్లు తెరవకముందే నీవు నన్ను నీ బిడ్డగా ఎంచావు" అని మీ మాటల్లో చెప్పి, తరువాత బైబిలు తెరవండి. ఆ రోజు మూడు అధ్యాయాలు కుదరకపోతే పది వచనాలు చదవండి. 1189 అధ్యాయాలూ ఏడాదిలోనే పూర్తి చేయాలని లేఖనంలో ఎక్కడా లేదు. అత్తగారి మీద విసుక్కున్న రోజున ప్రార్థన గదిలోకి పరుగెత్తి గంటసేపు ఏడవవద్దు. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" ఆయన క్షమిస్తాడని యోహాను రాశాడు, అది ఒక్క నిమిషం పని. మిగిలిన యాభై తొమ్మిది నిమిషాల్లో వంటింట్లోకి వెళ్లి, "అత్తయ్యా, ఇందాక గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి" అని, ఆమెకు కాఫీ కలిపి ఇవ్వండి. తనను తాను శిక్షించుకొనేవాడికి ఎదుటి మనిషి గుర్తుకు రాదు. క్షమాపణ దొరికినవాడికే ఆ తీరిక ఉంటుంది.

నోటుబుక్కు పారేయకండి. ఈ ఏడాది చివరిదాకా టిక్కులు, సున్నాలు ఆపి, నిరుటి పుస్తకం తీయండి. ఎర్ర సున్నా ఉన్న ప్రతి తేదీ ఎదుట, ఆ రోజున దేవుడు మీకు, మీ ఇంటికి చేసిన మేలు గుర్తున్నంతవరకు నల్ల ఇంకుతో రాయండి. ఆసుపత్రి తొమ్మిది రోజుల దగ్గర మొదలుపెట్టండి. ఆ మంచం పక్కన మీరు బైబిలు తెరవలేదు, ఉపవాసం లెక్కపెట్టుకోలేదు, నాలుగున్నరకు మేలుకొని ఉన్నది సెలైన్ సీసా చూడడానికే. బాబు జ్వరం దిగింది ఆ సున్నాల్లో ఏ సున్నా రోజునో, ముందు అది రాయండి.

ప్రశ్న: కృప బోధ విన్నాక ఉపవాసాలు, కుటుంబ ప్రార్థన మానేశాను. మొదట స్వేచ్ఛగా అనిపించింది. ఇప్పుడు ఆరు నెలలుగా ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు, పాత అలవాట్లు కూడా తిరిగి వచ్చాయి. ఇది కృపలో విశ్రాంతేనా?
– ఒక యువకుడు, హైదరాబాదు

జవాబు: కాదు, తమ్ముడూ. మీరే అడిగారంటే మీకూ అనుమానం ఉంది. పై జవాబులోని ఏతం దిగి మీరు మంచి పని చేశారు, కాని కాలువ దగ్గరికి వెళ్లకుండా గట్టు మీదే పడుకున్నారు. తీతు పత్రిక రెండో అధ్యాయంలో దేవుని కృప, భక్తిహీనతను విసర్జించి బ్రతకాలని "మనకు బోధించుచున్నది" అని ఉంది. కృపకు ఉపాధ్యాయుని పని కూడా ఉంది; ఆరు నెలలుగా మీరు ఆ బడికి వెళ్లలేదు.

మళ్లీ పెద్ద ఉపవాసంతో మొదలుపెట్టవద్దు, అది పాత మాను మీదికే ఎక్కిస్తుంది. ఈ రాత్రి పడుకునే ముందు 130వ కీర్తన పైకి చదవండి, ఎనిమిదే వచనాలు. "యెహోవా, నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?" అన్న చోట ఆగి, తిరిగి వచ్చిన ఆ అలవాట్లను పేరుపేరునా చెప్పి, తరువాతి వచనం చదవండి. నేను పైన చెప్పిన 1738 మే 24 మధ్యాహ్నం, ఆల్డర్స్‌గేట్ వీధికి వెళ్లడానికి కొన్ని గంటల ముందు, వెస్లీ లండనులోని సెయింట్ పాల్ దేవాలయంలో కూర్చుని విన్న పాట ఈ కీర్తనే.